మూడు చీరలు, ఒక చరణం

ఆ శనివారం పొద్దున పెర్సిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడితో కలిసి ముగ్గురిళ్ళకు వెళ్ళాలి. ముగ్గురి దగ్గరా తలో సాయం అడగాలి. రాత్రికల్లా ఇంటికి చేరి, అతను గిటారు వాయిస్తుంటే వింటూ మామిడిపండు తినాలి. పెళ్ళయి నెల నిండలేదు కనుక ఆమెకు ఈ పథకం లోకంలోకెల్లా అందమైనదిగా తోచింది. ఆ మాటకొస్తే, తాడేపల్లిగూడెంలో తాము అద్దెకు దిగిన రెండు గదుల వాటా, తిప్పగానే ముందు దగ్గి ఆ తరవాత నీళ్ళిచ్చే కుళాయి, తలుపుకి ఒకే గొళ్ళెం ఉండటం, అన్నీ ఆమెకు అందంగానే కనిపించేవి.

నెహెమ్యా ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాడు. సాయంత్రాలు ‘ఉప్పుటేరు’ అనే రాక్ బ్యాండులో గిటారు వాయిస్తాడు. పాటలు రాసేదీ అతనే. ఉప్పుటేరు బృందం విజయవాడలో వాయించింది, రాజమండ్రిలో వాయించింది, సొంత ఊళ్ళో మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా వాయించలేదు. ఆ ముచ్చట రేపు కాక ఆ పై ఆదివారం సాయంత్రం తీరబోతోంది. ఆ ప్రదర్శన మీద చాలా ఆధారపడి ఉంది. పెళ్ళిచూపుల నాడు జంగారెడ్డిగూడెంలో పెర్సిస్ తండ్రి, “ఈ గిటారు వ్యవహారం ఎన్నాళ్ళు బాబూ?” అని అడిగితే, “మా ఊళ్ళో ఒక్క షో చేస్తానండి. జనం చివరిదాకా కూర్చుంటే సరే. లేదంటే గిటారు అటకెక్కించేస్తాను” అని నెహెమ్యా మాటిచ్చేశాడు. మామగారు హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి. ఎవరేం మాటిచ్చారో మరిచిపోయే అలవాటు ఆయనకు లేదు.

పెర్సిస్‌కి గిటారు అటకెక్కడం సుతరామూ ఇష్టం లేదు. కాఫీ కాగుతున్నప్పుడు వెనక గదిలోంచి ఆ తీగల చప్పుడు వినబడకపోతే పాలు కూడా సరిగ్గా పొంగవని ఆమె నమ్మకం.

ప్రదర్శనకు మూడు కావాలి. హాలు కావాలి, దాని తాళాలు సంగీతం మేష్టారు నరసింహమూర్తి దగ్గరుంటాయి, కమిటీ కార్యదర్శి ఆయనే. సౌండ్ కావాలి, అది కొల్లేటి లంకలో ఉండే సత్తిరాజు దగ్గరుంది. వెనకనుంచి బృందగానం కావాలి. అందుకు చర్చి క్వయర్‌ని నడిపే మణెమ్మ ఉంది, నెహెమ్యాకి సొంత మేనత్త. కొత్త దంపతులు కనుక ముగ్గురూ భోజనానికి రమ్మని అప్పటికే పిలిచి ఉన్నారు. ఒకే రోజు పొద్దున టిఫిను అత్త ఇంట్లో, మధ్యాహ్నం భోజనం మేష్టారింట్లో, సాయంత్రం చేపల పులుసు లంకలో అని పెర్సిస్ చక్కగా సర్దింది.

చిక్కల్లా పాటతో వచ్చింది. బ్యాండులో డ్రమ్స్ వాయించే చరణ్‌తేజ, వారం కిందట వాళ్ళ కొత్త పాటను యూట్యూబులో పెట్టి, కింద ఊరుకోకుండా ఒక మాట తగిలించాడు: ‘ఈ పాటలో మన ప్రాంతపు సంగీత పెద్దలు దాక్కున్నారు. ఎవరు ఎక్కడున్నారో కనుక్కోండి చూద్దాం!’ అంతే. ఏలూరు నుంచి అత్తిలి దాకా వాట్సాప్ గుంపులన్నీ పని మానేసి వెతకడం మొదలుపెట్టాయి.

“ఏవండీ, నిజంగానే దాచారా?” అని అడిగింది పెర్సిస్, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

“దాచానే, దాచకుండా ఉండాల్సింది,” అన్నాడు నెహెమ్యా నీరసంగా. “మూడుసార్లు గొంతు సవరించీ మూడో చరణం మర్చిపోయే కోయిలమ్మా... అన్నది మా మణెమ్మత్త.”

పెర్సిస్ కిసుక్కున నవ్వింది.

“సరిగమలమ్మే కొట్లోన పదనిసలకి స్టాకు లేదు... అన్నది నరసింహమూర్తి మేష్టారు. ఆయన దగ్గర నేను నాలుగేళ్ళు నేర్చుకున్నాను. మధ్యమం దాటలేదు.”

“అయ్యో! మరి సత్తిరాజుగారో?”

“పాటగాడి కన్నా ముందే కూతపెట్టే పెట్టె... ఆయన స్పీకర్లు. మనం నోరు తెరవకముందే కుయ్యిమంటాయి.”

“మరి ఆ మొదటి చరణమో? మొదటి శ్రుతి నీదే, ఈ చెవులు నీ పెంపకమే, నువ్వు ఆగిన పూట ఊరంతా మూగే... ఎంత బావుందండీ అది! ఎవరి గురించి?”

నెహెమ్యా చెవులు ఎర్రబడ్డాయి. “అది చెబితే వీళ్ళు ముగ్గురూ కలిసి నన్ను కొడతారు. షో అయ్యాక చెప్తాలే.”

“పోనీ నేనున్నానా ఎక్కడైనా?”

“ఇది మన పెళ్ళికి ముందు రాసింది కదా పెర్సీ.”

“సరేలెండి,” అంది పెర్సిస్. పెళ్ళయిన మొదటి నెలలోనే ప్రతి మొగుడూ అర్థం తెలుసుకోవలసిన ‘సరేలెండి’ అది. నెహెమ్యా ఇంకా నేర్చుకుంటున్నాడు కనుక, నిజంగానే సరే అనుకుని బండి తాళం తీశాడు. “ఒక్కటే గుర్తుపెట్టుకో. ఎవరింట్లోనూ పాట ఊసెత్తకు. వాళ్ళెత్తితే నవ్వేసి కూర వడ్డించుకో. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికి తమ లైను తెలిసినా మన షో అక్కడితో సరి.”

మణెమ్మ ఇంట్లో టిఫిను అంటే గారెలూ, నాటుకోడి పులుసూ. నెహెమ్యా మొదటి గారె తుంచాడో లేదో, “ఒరే అబ్బాయ్, ఆ మిక్సీ ఎందుకో మూలుగుతోంది, ఓసారి చూడు” అని మణెమ్మ అతని చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చేసింది. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి భోజనానికి పిలిస్తే ఆ చుట్టుపక్కల ఎవరైనా చేసే పని అదే. అతను వంటింటి గట్టు కింద దూరాడు. మణెమ్మ పెర్సిస్ పక్కన చేరి గారె మీద గారె వేసింది.

“చాలండీ అత్తయ్యగారూ.”

“ఏం చాలు? నా చేతి గారె వద్దన్నవాళ్ళు ఈ గూడెంలో లేరు. తిను,” అంటూ మణెమ్మ గొంతు సవరించుకుంది. “ఆ పాట విన్నానమ్మాయ్. రాక్ అంటే అరవడమే అనుకున్నాను గానీ, మా వాడు భలే చమత్కారంగా రాశాడు. సరిగమలమ్మే కొట్టు! ఇంకెవరు, ఆ నరసింహమూర్తిగారే! నాకు నవ్వాగలేదనుకో.”

పెర్సిస్ బిక్కచచ్చిపోయింది. ఇక కోయిలమ్మ వస్తుంది. వంటింట్లో స్క్రూడ్రైవరు చప్పుడు కూడా ఆగిపోయింది.

“మరి ఆ కోయిలమ్మ ఎవరో కూడా పట్టేశాను,” మణెమ్మ రెండోసారి గొంతు సవరించుకుంది. “ఏలూరు క్వయర్ లీడరు. ఆవిడకి పాట ముందు గొంతు సవరించుకునే జబ్బుంది. ఎంత చిరాగ్గా ఉంటుందో వినేవాళ్ళకి!” అని మూడోసారి సవరించుకుంది. “ఆ మొదటి చరణం విన్నప్పుడు మాత్రం, నిజం చెప్తున్నాను, కళ్ళంట నీళ్ళొచ్చాయి.”

వంటింట్లో బాగైన మిక్సీ గర్రుమని తిరుగుతుండగా, మణెమ్మ లోపలికి వెళ్ళి చిలకపచ్చ పట్టుచీర తెచ్చి పెర్సిస్ ఒళ్ళో పెట్టింది. కొత్త కోడలు మొదటిసారి తిన్న ఇంట్లో చీర పెట్టకుండా పంపరు. “ఇది కట్టుకుని రా ఆదివారం. ఇప్పుడు చెప్పు. చంటివాడప్పుడు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కీర్తనలు పాడింది నేను. మొదటి శ్రుతి నీదే అన్నది నన్నే కదా?”

కాదనాలంటే ఒళ్ళో చీర ఉంది. తెలీదనాలంటే కడుపులో ఏడు గారెలున్నాయి. పైగా కళ్ళంట నీళ్ళొచ్చాయని ఆవిడే చెప్పింది.

“అవునండీ,” అంది పెర్సిస్.

“నాకు తెలుసు! క్వయర్ మొత్తాన్ని తీసుకొస్తాను, వాడికి చెప్పు,” అని మణెమ్మ ఆమె బుగ్గ గిల్లింది.

బండెక్కాక నెహెమ్యా గట్టిగా ఊపిరి వదిలాడు. “కోయిలమ్మ సంగతి పట్టుకోలేదు చూశావా? బతికిపోయాం.”

“అవునండీ,” అంది పెర్సిస్ మళ్ళీ. ఒకసారి అలవాటైతే ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

నరసింహమూర్తి మేష్టారింట్లో వీధి గదిలో పిల్లలు స రి గ మ దగ్గరే తిరుగుతున్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి ఇంటరు పరీక్షలు కూడా రాసేసినట్టుంది. మేష్టారి భార్య పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, బొబ్బట్లు చేసింది. బొబ్బట్టు మీద నెయ్యి పడే వేళకి మేష్టారు, “ఒరే నెహెమ్యా, మన శ్రుతిపెట్టె కొంచెం బరబరమంటోందిరా” అన్నారు. నెహెమ్యా శ్రుతిపెట్టెనీ స్క్రూడ్రైవరునీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

“అమ్మా, నీ భర్త నా శిష్యుడు,” అన్నారు మేష్టారు, ఇంకో బొబ్బట్టు వెయ్యమని భార్యకు సైగ చేస్తూ. “శిష్యుడు రాక్ పాడితే గురువుకి బాధ కలగాలి. నాకు కలగలేదు. మణెమ్మగారిని కోయిలమ్మ అన్నాడు చూశావూ? ఆహా! పోయిన క్రిస్మస్‌కి నేను వెనకే ఉన్నాను, మూడో చరణం ఎగిరిపోయింది!”

“మరి... సరిగమల కొట్టు అండీ?” పెర్సిస్‌కి నోరు ఊరుకోలేదు.

“అది తెలియందేముంది? స్టేషన్ దగ్గర కీబోర్డు నేర్పే కుర్రాడు. నాలుగు నెలలు సరిగమలు చెప్పి పంపేస్తాడు. సంగీతాన్ని చిల్లరకొట్టు చేశాడు.” వీధి గదిలో ఇంటరు అమ్మాయి మళ్ళీ స దగ్గరికొచ్చింది. “సరే గానీ, ఆ మొదటి చరణం. ‘ఈ చెవులు నీ పెంపకమే’ అన్నాడు. వాడి చెవి పట్టుకుని మెలితిప్పి శ్రుతి నేర్పింది నేను. అదే కదమ్మా వాడి ఉద్దేశం?”

ఈలోగా ఆయన భార్య పళ్ళెంలో వంగపండు రంగు చీర, రెండు మామిడిపళ్ళు పెట్టి తెచ్చి నవ్వుతూ నిలబడింది. “ఆదివారం ఇదే కట్టుకోవాలి సుమా!” అంది.

“అలాగేనండీ,” అంది పెర్సిస్ ఆవిడతో. ఆ ‘అలాగేనండీ’ తనకే అనుకున్నారు మేష్టారు. కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు. పెర్సిస్ ఆ కళ్ళజోడు కేసి చూసి, ఇక దిద్దలేకపోయింది. హాలు తాళాలు ఆయన స్వయంగా తెచ్చి నెహెమ్యా చేతిలో పెట్టారు.

సాయంత్రానికి నిడమర్రు దాటి కొల్లేటి గట్ల మీదికి వచ్చేసరికి, చేపల చెరువుల మీద ఎండ పల్చబడింది. గూడబాతులు కడుపు నిండి కదల్లేక గట్టున కూర్చుని ఉన్నాయి. పెర్సిస్ వాటి కేసి జాలిగా, సాటి ప్రాణిలా చూసింది.

సత్తిరాజు ఇంటి ముందు స్పీకరు పెట్టెలు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. “రా బాబూ రా! ముందు ఆ యాంప్లిఫైరు చూసి పుణ్యం కట్టుకో, తరవాత తిందువుగాని,” అని ఆయన నెహెమ్యాని అటే తీసుకుపోయాడు. పెర్సిస్‌ని భార్య మంగాయమ్మకి అప్పగించాడు. మంగాయమ్మ కొర్రమీను పులుసు పోసింది. రొయ్యల వేపుడు వేసింది. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీద కూడా వడ్డించింది.

“మా ఆయన ఆ పాట లంకంతా వినిపించాడమ్మా. మైకులో పెట్టి,” అంది మంగాయమ్మ. “కోయిలమ్మ వస్తే ఒకటే నవ్వు, కొట్టు వస్తే ఒకటే నవ్వు. ఆ కూతపెట్టే పెట్టె ఉందే, అది భీమవరం వాళ్ళ సెట్టంట కదా? మా ఆయన వినగానే చెప్పేశాడు.”

బయట సత్తిరాజు మైకు తట్టాడు. పెట్టె కుయ్యిమని అరిచింది. గట్టు మీద గూడబాతులు లేచిపోయాయి.

“మొదటి శ్రుతి మాత్రం మా ఆయనే,” మంగాయమ్మ ఎర్రంచు తెల్ల చీర తెచ్చి ఆమె భుజం మీద వేసింది. “నెమ్యా బాబు బుడ్డోడప్పుడు స్టేజీ ఎక్కి ఏడుస్తుంటే, వాడి చేతిలో మొట్టమొదట మైకు పెట్టింది ఎవరు? చెప్పమ్మా, ఆయనేనా?”

పెర్సిస్ ఈసారి గట్టిగా నిశ్చయించుకుంది. కాదనే చెబుదాం అనుకుంది. కానీ నోట్లో రొయ్యల ముద్ద ఉంది. ముద్ద మింగడానికి తల ముందుకు వంగింది.

“ఏవయ్యోయ్! అవునంట!” అని మంగాయమ్మ బయటికి పరుగెత్తింది.

సోమవారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మణెమ్మ చేసి, మొదటి చరణం వచ్చినప్పుడు క్వయర్ అంతా తన వైపు చెయ్యి చాపుతుందని చెప్పింది. మేష్టారు చేసి, ఆ చరణం వేళకి తను హార్మోనియంతో వేదిక మధ్యకి వస్తానన్నారు. సత్తిరాజు చేసి, “ఆ లైనుకి లైటంతా నా మీద పడేలా పెట్టాను బాబూ, నువ్వేం కంగారు పడకు” అన్నాడు.

నెహెమ్యా ఫోను పక్కన పెట్టి పెర్సిస్ కేసి చూశాడు. పెర్సిస్ మూడు చీరలూ తెచ్చి మంచం మీద పరిచింది. జరిగింది చెప్పింది. చివరికి వచ్చేసరికి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“ఒక్కరికీ కాదని చెప్పలేకపోయావా పెర్సీ?”

“మీరు తినలేదు కాబట్టి అలా అంటున్నారు. మీరేమో స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నారు. ముగ్గురింట్లో తిన్నది నేను! తిన్నాక కాదని ఎలా అంటారండీ?”

చరణ్‌తేజని పిలిచి ఆలోచన చేశారు. అతనికి ఏదైనా తేలికే. “ఆ చరణం ఎత్తేద్దాం బ్రో. పాడకపోతే ఎవరిదో గొడవే రాదు,” అన్నాడు. అందరికీ అది బాగానే తోచింది. కానీ ఆ ముగ్గురూ అప్పటికే ఫ్లెక్సీలు కొట్టించడానికి ఇచ్చారని వాళ్ళకు తెలియదు.

ఆదివారం సాయంత్రం హాలు గేటు ముందు మూడు ఫ్లెక్సీలు వెలిశాయి. మొదటి దాంట్లో ‘మా తొలి శ్రుతి శ్రీమతి మణెమ్మగారికి అభినందనలు’ అని, చుట్టూ క్వయర్ సభ్యుల ఫొటోలు. రెండో దాంట్లో ‘ఆది శ్రుతి ప్రదాత నరసింహమూర్తి మాస్టారు’, చుట్టూ నాలుగేళ్ళ శిష్యులూ తొమ్మిదేళ్ళ శిష్యులూ. మూడో దాంట్లో నల్లకళ్ళద్దాల సత్తిరాజు, కింద కొల్లేటి మిత్రబృందం, ఒక మూల మంగాయమ్మ, మరో మూల కొత్త యాంప్లిఫైరు. ఫ్లెక్సీలు కట్టిన ముగ్గురూ ఒకే సమయానికి గేటు దగ్గరికి వచ్చారు. ఒకరి ఫ్లెక్సీ మరొకరు చదివారు. చదవడం అయ్యాక ముగ్గురూ పెర్సిస్ కోసం వెతికారు.

పెర్సిస్ ముందు వరసలో, జంగారెడ్డిగూడెం నుంచి మొదటి బస్సుకే వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్న తండ్రి పక్కన ఉంది. హాలు నిండింది. వేదిక మీద నెహెమ్యా గిటారు మెళ్ళో వేసుకున్నాడు. చరణ్‌తేజ పుల్లలు పైకెత్తాడు.

“ఆగవయ్యా!” అన్నారు మేష్టారు, వేదిక మెట్లెక్కుతూ. “ఈ హాలులో నా శ్రుతిని ఇంకొకరికి పంచిపెట్టడానికి నేను ఒప్పుకోను. తాళాలు ఇలా ఇవ్వు.”

“మీ శ్రుతేమిటండీ? మీ కొట్లో ఉన్నదే నాలుగు స్వరాలు!” అంది మణెమ్మ. “పిల్లలూ, కూర్చోండి. ఎవరూ నోరు తెరవద్దు.” క్వయర్ అంతా ఒక్కసారిగా కూర్చుంది. అంత చక్కగా కలిసికట్టుగా వాళ్ళు ఎన్నడూ పాడి ఉండరు.

“ముందు గొంతు సవరించుకోండమ్మా, తరవాత మాట్లాడుదురుగాని,” అన్నారు మేష్టారు.

“ఇద్దరూ అనవసరంగా ఆయాసపడుతున్నారు,” అన్నాడు సత్తిరాజు చాలా మర్యాదగా. “ఆ లైను నాదని కోడలమ్మే చెప్పింది. కాదంటారా? అయితే పెట్టెలు సర్దేస్తానండీ.” అని వెళ్ళి మెయిను స్విచ్చి కట్టేశాడు. గిటారు గొంతు పోయింది, మైకు గొంతు పోయింది. హాలు లైట్లు మాత్రం మిగిలాయి. జనంలో ఒక వరస లేచి నిలబడింది. పెర్సిస్ తండ్రి వాచీ చూసుకున్నాడు.

ఆ వాచీ కేసి చూశాక పెర్సిస్ ఆగలేకపోయింది. వేదికెక్కి రెండు చేతులూ జోడించింది. మైకు లేకపోయినా ఆమె గొంతు చివరిదాకా వినపడింది.

“అత్తయ్యగారూ, మేష్టారండీ, సత్తిరాజు బాబాయిగారూ, తప్పు నాదండీ. ఆ చరణం ఎవరిదో నాకసలు తెలీదు. మీరు గారెలు పెట్టారు, మీరు బొబ్బట్లు పెట్టారు, మీ ఇంట్లో రొయ్యలు పెట్టారు. అంత ప్రేమగా పెట్టి అడిగితే కాదనడం నాకు చేతకాలేదండీ. ఆయన్నేం అనకండి.”

హాలులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మంగాయమ్మ వేదిక దగ్గరికొచ్చి పెర్సిస్ చీర కొంగు పట్టుకుని చూసింది. “అయితే ముగ్గురూ పెట్టారా చీరలు? ఇది ఎవరు పెట్టింది?”

“ఇది మా అమ్మదండీ.”

“అయితే సరే,” అంది మంగాయమ్మ, చాలా వరకు చల్లబడి.

“చీర సంగతి సరే. ఇంతకీ చరణం ఎవరిదిరా?” అంది మణెమ్మ.

నెహెమ్యా గిటారు పట్టీ సర్దుకున్నాడు. హాలంతా ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో, రోడ్డుకి అవతల నుంచి, అప్పటిదాకా ఉన్నా ఎవరికీ వినపడని చప్పుడొకటి లోపలికి వచ్చింది. దాళ్వా, అంటే రెండో పంట, ధాన్యం దిగే రోజులు కనుక రైసు మిల్లు ఆదివారం కూడా ఆడుతోంది. గూం... అని ఒకటే శ్రుతి, ఎక్కడా పైకి పోకుండా, కిందికి జారకుండా.

నెహెమ్యా గిటారు మీద లావు తీగ ఒక్కటి మీటాడు. తీగ, మిల్లు ఒక్కటైపోయాయి.

“అదేనండీ,” అన్నాడు సిగ్గుపడుతూ. “ఆ మిల్లు వెనకే మా పాత ఇల్లు. పుట్టినప్పటినుంచీ వింటున్నాను. నేను మొదట గిటారు శ్రుతి చేసుకున్నది దానికే. కరెంటు పోయి మిల్లు ఆగితే, ఊరంతా మూగపోయినట్టు ఉండేది నాకు. అందుకే అలా రాశాను.”

పెర్సిస్ కళ్ళు మూసుకుంది. అటక మీద గిటారుకి ఎక్కడ చోటు చెయ్యాలా అని కూడా ఆలోచించింది.

“అంటే... మేష్టారు కాదన్నమాట,” అంది మణెమ్మ నెమ్మదిగా.

“మణెమ్మగారు కూడా కాదు,” అన్నారు మేష్టారు.

“వాళ్ళిద్దరూ కాదు కదా?” అని సత్తిరాజు మరోసారి కనుక్కున్నాడు.

“కాదండీ. మిల్లు.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముగ్గురి మొహాల్లోనూ ఒకే రకం ప్రశాంతత వచ్చింది. తన పొలంలో పడని వాన పక్కవాడి పొలంలోనూ పడలేదని తెలిసినప్పుడు వచ్చే ప్రశాంతత అది.

“మిల్లయితే నాకేం అభ్యంతరం లేదండీ,” అన్నాడు సత్తిరాజు.

“అసలు ఆలోచిస్తే, మిల్లుది చాలా శుద్ధమైన శ్రుతి,” అన్నారు మేష్టారు.

“మా కీర్తనలు కూడా మిల్లు ఆడుతుంటేనే నిండుగా ఉంటాయి. లేవండి పిల్లలూ!” అని మణెమ్మ మూడుసార్లు గొంతు సవరించుకుంది.

సత్తిరాజు స్విచ్చి వేశాడు. పాటగాడి కన్నా ముందు పెట్టె కూతపెట్టింది. హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా సత్తిరాజు నవ్వాడు, భీమవరం వాళ్ళను తలుచుకుని. కోయిలమ్మ వచ్చినప్పుడు మణెమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ ఏలూరు ఉన్న దిక్కుకు వేలు చూపించింది. ఆ ఊపులో క్వయర్‌కి మూడో చరణం అందివ్వడం మర్చిపోయింది. సరిగమల కొట్టు వచ్చినప్పుడు మేష్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఇంటరు అమ్మాయి కూడా కొట్టింది, కాకపోతే ఆమె మేష్టారి కేసి చూస్తూ కొట్టింది. మొదటి చరణాన్ని జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఆ చరణం వచ్చిన ప్రతిసారీ చరణ్‌తేజ డ్రమ్స్ ఆపేసేవాడు, హాలంతా చెవులు రిక్కించి రోడ్డవతలి మిల్లును వినేది.

పాట చివర నెహెమ్యా కాగితంలో లేని లైనొకటి కలిపాడు. పాడుతూ ముందు వరస కేసి చూశాడు:

‘నాలుగో గరిటకీ వద్దనలేక, అడిగినవాళ్ళకల్లా అవుననే రాణీ!’

జనం ఈలలు వేశారు. పెర్సిస్ అందరితో కలిసి పడీ పడీ నవ్వింది. ఆమె తండ్రి చేతులు విప్పి, కండువా దులుపుకుని, “అటక మీద గిన్నెలు పెట్టుకోండమ్మా. గిటారు కిందే ఉండనీ,” అన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ బండి మీద పాలకి వెళ్తుంటే మిల్లు గేటుకి కొత్త ఫ్లెక్సీ కనిపించింది. ‘ఈ ఊరికి మొదటి శ్రుతి మాదే’ అని పెద్ద అక్షరాలు. మధ్యలో మిల్లు యజమాని సత్యానందం, పక్కన ఆయన తమ్ముళ్ళు, కింద బావమరుదులు, మూలగా మొన్న పుట్టిన మనవడు. మిల్లు ఫొటో మాత్రం ఎక్కడా లేదు. గేటు దగ్గర నిలబడ్డ సత్యానందం బండి ఆపించి, “కొత్త దంపతులు, మా ఇంటికి భోజనానికి ఎప్పుడొస్తారండీ?” అని అడిగాడు. “వచ్చేటప్పుడు ఆ స్క్రూడ్రైవరు కూడా తెచ్చుకోండి, మా ఫ్రిజ్జు కొంచెం సణుగుతోంది.”

“అలాగేనండీ,” అంది పెర్సిస్.

బండి మలుపు తిరిగింది. పెర్సిస్ వెనకనుంచి అతని భుజం మీద గెడ్డం ఆనించింది.

“ఏవండీ, నిన్న చివర్లో ఒక లైను కొత్తగా కలిపారు కదా, నాలుగో గరిట అనీ... నాకు నవ్వాగలేదనుకోండి. అది మంగాయమ్మగారి గురించే కదూ?”

అవుననడం ఈసారి నెహెమ్యా వంతయింది.